హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో ఉంటూ సువార్త చెప్పాలనుకుంటే

విదేశంలో హోస్ట్ ఫ్యామిలీతో, అంటే మనకు తమ ఇంట్లో చోటిచ్చే అక్కడి కుటుంబంతో, ఉండబోతున్న విశ్వాసులకు ఒక చిట్కా. వెళ్లగానే సాక్ష్యం చెప్పేయాలన్న టెన్షన్ వద్దు. శిష్యుల్ని పంపుతూ యేసు కూడా ముందు తమను చేర్చుకున్న ఇంట్లోనే ఉండి, పెట్టింది తినమన్నాడు (లూకా 10:7-8). భోజనానికి ముందు కళ్లు మూసుకుని మనసులోనే ప్రార్థన చేసుకోండి. ఏం చేస్తున్నావని ఎప్పుడో ఒకప్పుడు వాళ్లే అడగొచ్చు. రెండు ముక్కల్లో చెప్పి, "మరి మీరేం నమ్ముతారు?" అని అడిగి, ఓపిగ్గా వినండి. అక్కడ ప్రసంగం అందుకున్నారో, ఇక అంతే సంగతులు! ఆదివారం ఆరాధనకు వెళ్లాలంటే ఆ రోజు ఇంట్లో వేరే ప్లాన్ ఉందేమో ముందే కనుక్కోండి. పిల్లలతో మాత్రం తల్లిదండ్రులు సరేనంటేనే దేవుని సంగతులు మాట్లాడాలి. నేపాల్ లాంటి చోట్ల మతం మార్పించడం నేరం కాబట్టి, వెళ్లేముందే అక్కడి చట్టం చూసుకోండి.