వరంగల్ అక్షరాల్లో దాక్కున్న ఇంగ్లీషు పదాలు: ఎందుకు దొరకవు, ఎలా పట్టుకోవాలి

హనుమకొండలో మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చే ఏడో తరగతి పిల్లలకు శనివారం ఒక ఆట పెడతాను. బోర్డు మీద వరంగల్ పేరు ఇంగ్లీషులో రాసి, ఆ అక్షరాలతోనే పదాలు కట్టమంటాను. డబ్ల్యూ, ఎ, ఆర్, ఎ, ఎన్, జి, ఎ, ఎల్. మొత్తం ఎనిమిది, అందులో ఎ మూడుసార్లు. వార్, లా లాంటి మూడక్షరాల పదాలు గబగబా వచ్చేస్తాయి. నాలుగక్షరాలంటే నెమ్మదిస్తారు. ఐదు అనగానే పెన్నులు ఆగిపోతాయి. పేపర్లో క్రాస్‌వర్డ్ నింపే పెద్దవాళ్లకూ ఇదే టెన్షన్. పదాలు తెలియక కాదు, వెతికే తీరు వల్లే ఎక్కువగా ఆగిపోతాం. ఎక్కడెక్కడ ఆగుతున్నారో చూస్తూ వచ్చాను కాబట్టి అవి రాస్తున్నాను.

"ఒక్క పదం కూడా తడ్తలేదు సార్"

అసలు కారణం చెవి. తెలుగులో ఎలా పలుకుతామో దాదాపు అలాగే రాస్తాం. ఆ అలవాటుతో ఇంగ్లీషు పదాన్ని కూడా ముందు నోట్లో అనుకుని, ఆ శబ్దానికి అక్షరాలు వెతుకుతాం. వరంగల్‌లో ఐదక్షరాల పదం ఒకటుంది: జి, ఎన్, ఎ, ఆర్, ఎల్. పలికేది నార్ల్ అని. చెట్టు మొద్దు మీద ముడిపడి ఉబ్బిన బుడిపె. మొదటి జి పలకదు. అందుకే ఎన్‌తో మొదలుపెట్టి వెతికేవాళ్లకు అది ఎంతసేపటికీ కనబడదు. ఎలుక కొరికినట్టు కొరకడానికి వాడే నాలుగక్షరాల పదం జి, ఎన్, ఎ, డబ్ల్యూ కూడా ఇక్కడే ఉంది. దాన్నీ ఇలాగే వదిలేస్తారు.

దీనికి మందు అట్టముక్కలు. పాత నోటుబుక్కు అట్ట కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం రాసి నేల మీద పరచండి. నోరు మూసుకుని చేత్తో జరపండి. ముందు జంటలు పెట్టి చూడాలి. పదం మొదట్లో ఒక అక్షరం పలకని జంటలు కొన్నే: జి-ఎన్, కె-ఎన్, డబ్ల్యూ-ఆర్, పి-ఎస్. ఆ తర్వాత చివర్లు. ఎన్-జి చివర పెడితే ర్యాంగ్ వస్తుంది. ఆర్-ఎన్ పెడితే వార్న్, డబ్ల్యూ-ఎన్ పెడితే లాన్. చివర కుదిరితే ముందుభాగం సగం దొరికినట్టే. మా పిల్లల్లో ఒకమ్మాయి జి-ఎన్ ముక్కలు పక్కపక్కన పెట్టి, మిగిలినవి ఒక్కోటి జరుపుతూ, పలకడమే రాని పదాన్ని కట్టి డిక్షనరీ తెరిచింది. అందులో ఆ పదం కనబడ్డప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి!

చెవి పెట్టే ఇంకో చిక్కు వి, డబ్ల్యూ. మనకు రెండూ వ-నే. వెస్ట్ అంటే పడమరా, లోపల వేసుకునేదా అన్నది మన నోట్లో తేడా తెలియదు. గడిలో వి కుదరకపోతే డబ్ల్యూ పెట్టి చూడండి. జ వినబడితే జె ఒక్కటే కాదు, జి, జెడ్ కూడా అనుమానించాలి. పదం చివర వ్ వినబడితే మాత్రం వి దగ్గర ఆగకండి. గివ్, హ్యావ్, సర్వ్ లాగా దాదాపు ఎప్పుడూ వెనక ఇ ఉంటుంది.

"వాల్ కరెక్టే కద సార్, ఎందుకు కొట్టేసిన్రు?"

గోడ అనే వాల్‌లో ఎల్ రెండుసార్లు కావాలి. వరంగల్‌లో ఎల్ ఒక్కటే. అక్షరం ఉందా లేదా అని చూస్తారు గానీ, ఎన్ని ఉన్నాయని చూడరు. అట్టముక్కలతో ఈ తప్పు జరగదు, ముక్క అయిపోతే అయిపోయినట్టే. వర్డల్‌లో దీనికి సరిగ్గా తిరగబడుతుంది. జోష్ వార్డిల్ 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన ఆ ఐదక్షరాల ఆటలో ఒకే అక్షరం రెండుసార్లు రావచ్చు. ఒకసారి దొరికిందని దాన్ని పక్కన పెట్టేస్తే ఆరు అవకాశాలూ ఖర్చయిపోతాయి. ఈ అక్షరాలు ఉండాలి అన్నారా, ఈ అక్షరాలే ఉండాలి అన్నారా అన్నది ప్రశ్నలో మొదటే చూసుకోండి.

అచ్చు ఒక్కటీ మిగల్లేదా? వై ఉందేమో చూడండి. మిత్, స్తోత్రం అనే హిమ్, రిథమ్ మూడూ దాని మీదే నిలబడ్డాయి.

లెక్క ఒకటి ఎక్కువో తక్కువో వస్తోంది

స్కూల్ అంటే మన చెవికి రెండు అక్షరాలు, ఇంగ్లీషులో ఆరు. వేళ్ల మీద లెక్కపెట్టకుండా గడులు గీసి నింపండి. అప్పటికీ తేడా వస్తే స్పెల్లింగులో రెండు రకాలున్నాయేమో చూడాలి. రంగు అనే కలర్ బ్రిటన్‌లో ఆరక్షరాలు, అమెరికాలో ఐదు. మన హనుమకొండనే చూడండి, ఇంగ్లీషులో ఒకచోట పది అక్షరాలు, ఇంకోచోట పదకొండు. క్రాస్‌వర్డ్ ఆధారం చివర 3, 4 అని ఉంటే అది ఏడక్షరాల ఒకే పదం కాదు, రెండు పదాలు.

ఎక్సెల్‌లో వెతికితే సగం పదాలు మాయం

ఇది నాకే జరిగింది. పిల్లల కోసం పదాల పట్టిక ఒకటి నెట్‌లోంచి కాపీ చేసి, గడిలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే లెన్ ఫార్ములాతో ఐదు వచ్చినవి మాత్రమే ఉంచాను. బాగా తెలిసిన పదాలు కూడా లేవు. గంటసేపు ఫార్ములానే అనుమానించాను. చివరికి ఒక గడిలోకి వెళ్లి కర్సర్‌ను పదం చివరికి తీసుకెళ్తే అది ఆఖరి అక్షరం దాటి ఒక అడుగు అవతల ఆగింది. కనబడని స్పేస్! దాంతో ఐదక్షరాల పదం ఆరుగా లెక్కకు వచ్చింది. అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫార్ములా వాడితే సరిపోతుంది. ట్రిమ్‌కు కూడా పోకపోతే అది వెబ్ పేజీలతో వచ్చే వేరే రకం స్పేస్. ఆ ఖాళీనే సెలెక్ట్ చేసి కాపీ చేయండి. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో వెతికే చోట పేస్ట్ చేసి, రెండో చోట ఏమీ రాయకుండా అన్నీ మార్చేయండి.

దీనికి ఉల్టాగా పొడుగు పదాలన్నీ వచ్చి పడుతుంటే, వెతికేటప్పుడు తెలియని అక్షరం చోట మీరు ప్రశ్నార్థకం బదులు నక్షత్రం గుర్తు పెట్టి ఉంటారు. నక్షత్రం అంటే ఎన్ని అక్షరాలైనా సరే అని, ప్రశ్నార్థకం అంటే కచ్చితంగా ఒక్కటే. మూడో అక్షరం ఎ కావాలంటే రెండు ప్రశ్నార్థకాలు, ఎ, మళ్లీ రెండు ప్రశ్నార్థకాలు. పెద్దక్షరాల్లో ఉన్న పదాలు మాత్రమే తప్పిపోతుంటే ఫార్ములాలో ఫైండ్ తీసేసి సెర్చ్ పెట్టండి. ఫైండ్ పెద్దక్షరాన్నీ చిన్నక్షరాన్నీ వేరుగా చూస్తుంది, సెర్చ్ చూడదు.