ఎక్స్‌ట్రా లైట్లు బిగించే ముందు ఇది చూసుకోండి
కావలి నుంచి ఒంగోలు దాకా రాత్రిపూట హైవే మీద బండి నడిపేవాళ్లకి, ఎదురొచ్చే తెల్ల ఎల్‌ఈడీ లైట్లు కంట్లో కొడితే ఎంత టెన్షనో తెలుసు. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 111వ రూల్ ప్రకారం బండి ముందు స్పాట్‌లైట్, సెర్చ్‌లైట్ ఉండకూడదు, ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్ట్రేషన్ అధికారులు ఒప్పుకుంటే తప్ప. షాపులో "అందరూ వేయించుకుంటున్నారన్నా" అంటారు, వినకండి. చట్టం ఒప్పుకోని మార్పు చేస్తే ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు.

ముందు కంపెనీ హెడ్‌లైట్ అద్దం తుడిచి, వెలుగు పడే ఎత్తు సరిచేయించండి. 106వ రూల్ చెప్పేది ఇదే, వెలుగు కిందికి వంగి ఉండాలి, 8 మీటర్ల దూరంలో మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి కొట్టకూడదు. గోడ ముందు అంత దూరంలో బండి నిలిపి, ఆ ఎత్తున గీత గీసి, లో బీమ్ (డిమ్ లైటు) దానికి కిందే పడుతోందా చూసుకోండి.