ప్రయాణ ప్రణాళిక, 5వ పాఠం: శరత్కాలపు ఢిల్లీకి రెండు వరుసల కాగితం

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక ఈ పాఠం స్వరూపం మార్చక తప్పలేదు. బస గురించి, మెట్రో గురించి, భోజనం గురించి ఈసారి చెప్పుకోవలసి ఉంది. వాటిని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. విశాఖపట్నం నుంచి ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో దేశ రాజధాని చూడబోయే ఒక కుటుంబానికి తేదీలు కుదిర్చిపెట్టమని అడిగితే, ఎక్కువమంది కర్వా చౌత్‌ను (ఉత్తరాదిలో పెళ్లైన స్త్రీలు భర్త క్షేమం కోసం ఉపవాసముండే పండుగ) దాదాపు నెల రోజులు ఆలస్యంగా పెట్టారు. కొందరు ఆ కుటుంబాన్ని సోమవారం నాడు ఎర్రకోటకు పంపించారు. మరికొందరు మిగతావన్నీ చక్కగా కుదిర్చి, దీపావళి మర్నాటి ఉదయం ఇండియా గేటు దగ్గర ఫొటోలకు రెండు గంటలు కేటాయించారు. తేదీ తప్పిన ప్రయాణాన్ని ఎంత మంచి హోటలైనా బాగుచెయ్యలేదు కాబట్టి ఈ పాఠమంతా తేదీలే.

సోమవారం సంగతి తేలిక. ఎర్రకోట, జాతీయ మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ ఆ రోజు మూసి ఉంటాయి. కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి తెరిచి ఉంటాయి. ఆగ్రా కూడా కలుపుకునేవారికి తాజ్‌మహల్ సెలవు శుక్రవారం. ఇంతకు మించి దీని గురించి చెప్పడానికేమీ లేదు.

కర్వా చౌత్ దగ్గర జరిగిన పొరపాటు అలా తేలికగా పోయేది కాదు. ఢిల్లీవారు దాన్ని కార్తిక కృష్ణ చతుర్థి అంటారని మీలో చాలామంది సరిగ్గానే తెలుసుకున్నారు. ఆ తర్వాత గోడకు వేలాడుతున్న మన తెలుగు క్యాలెండరు తిప్పి, 2025లో కార్తిక బహుళ చవితి ఎప్పుడో వెతికి, నవంబరు 8 అని రాశారు. అక్కడ పండుగ అక్టోబరు 10నే అయిపోయింది. మన పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది, అది అమాంత పద్ధతి. ఢిల్లీలోనూ ఉత్తరాదిలో అధిక భాగంలోనూ నెల పౌర్ణమితో ముగుస్తుంది, అది పూర్ణిమాంత పద్ధతి. అందువల్ల శుక్ల పక్షంలో ఇద్దరి నెల పేరూ ఒకటే ఉంటుంది. కృష్ణ పక్షం వచ్చేసరికి మనం ఇంకా ఆశ్వయుజంలో ఉండగా వారు కార్తికంలోకి వెళ్లిపోతారు. తిథి మారదు, రోజు మారదు, చంద్రుడూ మారడు. రెండు వీధుల మూల మీద ఉన్న ఇంటికి ఒక్కో వీధిలో ఒక్కో నంబరు ఉన్నట్టే ఇది.

దీన్ని ఇంకొంచెం సాగదీస్తాను, ఎందుకంటే ‘అయితే ఢిల్లీలో దీపావళి మనకంటే నెల ముందే వస్తుందా’ అని అడిగినవారు ఒకరిద్దరు కాదు. రాదు. మన ఆశ్వయుజ బహుళ అమావాస్యే వారి కార్తిక అమావాస్య. మనం శ్రావణ బహుళ అష్టమి అనే కృష్ణాష్టమిని వారు భాద్రపద కృష్ణ అష్టమి అంటారు. మన మాఘ బహుళ చతుర్దశి నాటి శివరాత్రి వారికి ఫాల్గుణంలో వస్తుంది. మనకు భాద్రపదంలో వచ్చే మహాలయ పక్షం వారికి ఆశ్విన మాసపు పక్షం. ధనత్రయోదశీ అంతే. ఇక విజయదశమి, కార్తిక శుక్ల షష్ఠి నాటి ఛఠ్ పూజ, గురు నానక్ జయంతి జరిగే కార్తిక పౌర్ణమి, మూడూ శుక్ల పక్షంలోవి కాబట్టి వాటికి మన క్యాలెండరు చూసినా చాలు. ఢిల్లీవారు చెప్పిన పండుగ పేరులో ‘కృష్ణ’ అనే మాట వినబడగానే నెల పేరును ఒకటి వెనక్కి జరిపి మన పంచాంగంలో వెతకండి. ‘శుక్ల’ అని వినబడితే జరపకండి. నేను చేసే పని ఇంతే, ఇంతకంటే పాండిత్యం ప్రయాణానికి అవసరం లేదు. కార్తిక మాసమంతా నియమం పాటించే పెద్దవారు వెంట ఉంటే ఒక సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది: అక్కడి కార్తిక స్నానాలు మనకంటే పక్షం రోజుల ముందే మొదలైపోతాయి. ఆలయంలో కార్తిక దీపాలు చూసి, మన నెల మొదలైపోయిందేమోనని కంగారుపడనక్కరలేదు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. అడ్డంగా రెండు వరుసలు గీయండి. పై వరుసకు చంద్రుడి వరుస అని, కింది వరుసకు సూర్యుడి వరుస అని పేరు పెట్టండి. తిథిని బట్టి వచ్చేవన్నీ పైన. ఇంగ్లీషు నెల తేదీని బట్టి గానీ ఋతువును బట్టి గానీ వచ్చేవన్నీ కింద. పై వరుస ఏటా ముందుకో వెనక్కో జరుగుతుంది. కింది వరుస దాదాపు కదలదు. 2024లో దసరా అక్టోబరు 12. 2025లో పది రోజులు ముందుకు వచ్చి అక్టోబరు 2. 2026లో అధిక జ్యేష్ఠం రావడం వల్ల ఒక్కసారిగా వెనక్కి వెళ్లి అక్టోబరు 20. శరత్కాలపు ఢిల్లీ ప్రయాణంలో నేర్పంతా ఈ రెండు వరుసలూ ఆ ఏడాది ఎక్కడ కలుస్తున్నాయో చూడడంలోనే ఉంది.

ముందుగా కింది వరుస నింపుదాం. నైరుతి ఋతుపవనాలు మామూలుగా సెప్టెంబరు 25 ప్రాంతంలో ఢిల్లీని వదులుతాయి. అక్కడినుంచి అక్టోబరు మధ్య దాకా ఆకాశం తేటగా ఉంటుంది, పగలు ఎండ ఉన్నా మన సముద్రపు గాలి ఉక్క ఉండదు. ఆ తర్వాత పొగ మొదలవుతుంది. పంజాబులో భూగర్భ జలాలను కాపాడడానికి 2009లో చేసిన చట్టం వల్ల వరి నాట్లు జూన్‌లో ఆలస్యంగా పడుతున్నాయి, కోతలూ ఆలస్యమవుతున్నాయి, గోధుమ విత్తడానికి వ్యవధి చాలక రైతులు పొలంలోనే గడ్డి దుబ్బులు తగలబెడతారు. ఆ పొగ వాయవ్యపు గాలితో అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య వరకు రాజధాని మీదికి వస్తుంది. నగరంలోని వాహనాల పొగ, దుమ్ము, టపాకాయల పొగ దానికి తోడవుతాయి. గాలి వేగం తగ్గి, రాత్రులు చల్లబడి, నేలకు దగ్గరగా ఉన్న గాలి పైకి లేవకపోవడంతో అదంతా అక్కడే నిలిచిపోతుంది. వాయు నాణ్యత సూచీ 200 దాటితే మొదటి దశ ఆంక్షలు, 300 దాటితే రెండవ దశ, 400 దాటితే మూడవది, 450 దాటితే నాలుగవది అమలు చేస్తారు. మూడవ దశలో పాత ఉద్గార ప్రమాణాలవైన బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిలు కార్లను ఆపుతారు కాబట్టి అద్దె కారు మీద ఆధారపడిన ప్రణాళిక అక్కడే చెడుతుంది. పొలాల పొగకు తిథితో సంబంధం లేదు. దీపావళి ఆలస్యమైన ఏడాది టపాకాయల పొగ వచ్చి సరిగ్గా దాని మీదే పడుతుంది.

కింది వరుసలో ఇంకా రాయవలసినవి: అక్టోబరు 2న రాజ్‌ఘాట్‌లో సర్వమత ప్రార్థన, నవంబరు 14 నుంచి 27 వరకు ప్రగతి మైదాన్‌లో భారత అంతర్జాతీయ వాణిజ్య మేళా. ఇది 1980 నుంచి జరుగుతోంది, మొదటి కొన్ని రోజులు వ్యాపారులకే కాబట్టి మామూలు సందర్శకులు రెండవ వారం చూసుకోవాలి. రాష్ట్రాల మంటపాలు బాగుంటాయి గానీ, ఏటికొప్పాక లక్క బొమ్మ కొనడానికి ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదని నా అభిప్రాయం. అవి తయారయ్యే ఊరు మన అనకాపల్లి జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉంది. అక్టోబరు సాయంత్రాల్లో అక్కడి వీధుల్లో ఏడాకుల చెట్లు పూస్తాయి. హుద్‌హుద్ తుపాను తర్వాత మన నగరంలోనూ ఆ చెట్లు విరివిగా నాటారు కాబట్టి ఆ ఘాటు మీకు కొత్త కాదు. దానికి తలనొప్పి వచ్చేవారు కిటికీలు వేసుకునే గది అడగాలి.

పై వరుసలో నవరాత్రులే ప్రధానం. వీధి వీధికీ రామాయణాన్ని నాటకంగా ఆడే రామలీల ఉంటుంది. ఈ రామలీల సంప్రదాయాన్ని యునెస్కో 2008లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఎర్రకోట మైదానంలోవి పెద్దవి. దశమి సాయంత్రం ప్రముఖులు వస్తారు, దారులు మూస్తారు, పిల్లలతో వెళ్లినవారు ఎక్కడో దూరంగా నిలబడి మంట వెలుగు మాత్రం చూసి తిరిగివస్తారు. అందుకే అక్కడికి నేను సప్తమి, అష్టమి రాత్రుల్లోనే పంపుతాను, రావణ దహనానికి మాత్రం బస చేసిన కాలనీ మైదానం చాలంటాను. రంగస్థలం ముందు కూర్చుని చూడాలనుకునేవారికి శ్రీరామ్ భారతీయ కళా కేంద్ర 1957 నుంచి ఏటా ప్రదర్శిస్తున్న నృత్య రూపకం ఉంది. బెంగాలీల దుర్గాపూజకు అందరూ చిత్తరంజన్ పార్కు కాలనీ పేరే రాశారు. తప్పు కాదు, కానీ అష్టమి సాయంత్రం అక్కడ అడుగు పెట్టడానికి చోటుండదు, ఉదయం పూట పుష్పాంజలి సమయానికి వెళ్లాలి. 1910లో మొదలైన కశ్మీరీ గేట్ వారి పూజ పాతది, నాకు ఇష్టమైనది.

జవాబుల్లో ఒక్కరూ రాయనిది తీతార్‌పూర్. పశ్చిమ ఢిల్లీలో టాగోర్ గార్డెన్ మెట్రో స్టేషనుకు దగ్గరలో దసరాకు ముందు కొన్ని వారాల పాటు రోడ్డు పక్కనే రావణ, కుంభకర్ణ, మేఘనాదుల బొమ్మలు కడతారు. వెదురు బద్దలను వంచి తీగతో కట్టిన బుట్టల్లాంటి చట్రాలు, వాటి మీద చుట్టిన పాత చీరలు, పైన జిగురుతో అతికించిన కాగితం, చివరికి రంగు కాగితపు అంచులు. తలలు వేరు, మొండేలు వేరు, చేతులు వేరు. ఒకే రకం మెలి తిరిగిన మీసాలతో తలలన్నీ ఫుట్‌పాత్ మీద వరుసగా ఆరుతూ ఉంటాయి. దశమికి రెండు మూడు రోజుల ముందు వెళితే అమ్మకమైన రావణులను ముక్కలుగానే లారీకి ఎక్కించడం కనిపిస్తుంది. దీనికి టిక్కెట్టు లేదు, సెలవు రోజు లేదు, గంటసేపు చాలు.

మెహ్రౌలీలో జరిగే ఫూల్‌వాలోం కీ సైర్‌ను పెన్సిలుతో రాయండి. పూలతో కట్టిన విసనకర్రలను యోగమాయ ఆలయానికీ, ఖ్వాజా బఖ్తియార్ కాకీ దర్గాకూ సమర్పించే ఈ ఉత్సవం మొఘల్ చక్రవర్తి రెండవ అక్బర్ కాలంలో మొదలైంది. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం ఆపివేసింది. స్వాతంత్ర్యం తర్వాత నెహ్రూ కాలంలో తిరిగి ప్రారంభమైంది. వర్షాలు తగ్గాక జరిగేదే గానీ తేదీని ఏ ఏటికి ఆ ఏడు ప్రకటిస్తారు. దీని కోసం ప్రయాణం కుదుర్చుకోకూడదు. మనం ఉన్న రోజుల్లో పడితే వెళ్లాలి.

ఇప్పుడు రెండు వరుసలనూ కలపండి. 2025లో దసరా, కర్వా చౌత్ రెండూ తేటగా ఉండే వారాల్లోనే పడ్డాయి. 2026లో అలా కాదు: దసరా అక్టోబరు 20, దీపావళి నవంబరు 8. అంటే నవరాత్రులు తేట కాలపు చివరి అంచున ఉన్నాయి, దీపావళి పొగ మధ్యలో ఉంది. కాబట్టి అక్టోబరు 14న ఇక్కడ బయలుదేరి, దసరా మర్నాడు తిరుగు ప్రయాణం కట్టడమే సరైన పద్ధతి. దసరా ముందురోజు సోమవారం గనుక ఆ పూట హుమాయూన్ సమాధికి. దీపావళి చూసే వద్దామని పొడిగించినవారు పందొమ్మిది రోజుల ఖర్చుతో పొగ కొనుక్కుంటారు.

మన వైపు నుంచి కూడా రెండు ముళ్లున్నాయి. ఒకటి టిక్కెట్లు: 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది, అందులో ప్రయాణం రోజు లెక్కకు రాదు. అక్టోబరు 14 రైలుకు ఆగస్టు 15 ఉదయమే కూర్చోవాలి. రెండవది తుపాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మన మీదే పడింది, తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో, మొంథా 2025 అక్టోబరు 28న కాకినాడ దిగువన తీరం దాటాయి. ఏపీ ఎక్స్‌ప్రెస్ విజయవాడ దాకా తీర మైదానం మీదుగానే వెళుతుంది. సమతా ఎక్స్‌ప్రెస్ విజయనగరం దాటగానే రాయగడ మీదుగా లోపలికి తిరుగుతుంది. అక్టోబరులో నేను సమతాకే మొగ్గుతాను, అది న్యూఢిల్లీకి కాక హజ్రత్ నిజాముద్దీన్‌కు చేరినా సరే. అయితే అది రోజూ ఉండదు. ఏ రైలైనా ఢిల్లీలో మొదటి రోజును ఖాళీగా ఉంచండి, టిక్కెట్టు కొన్న కార్యక్రమం ఏదీ ఆ రోజు పెట్టకండి.

అభ్యాసం. విశాఖలోని ఒక కుటుంబంలో తెలుగు కార్తికం నెలంతా ఇల్లు కదలని అమ్మమ్మ, ఉబ్బసం ఉన్న ఎనిమిదేళ్ల పిల్లవాడు, దసరా తర్వాతి మొదటి మంగళవారం విజయనగరం సిరిమానోత్సవానికి పుట్టింట్లో ఉండి తీరవలసిన కోడలు ఉన్నారు. ముగ్గురూ కలిసి రామలీల, తీతార్‌పూర్, ఒక దుర్గాపూజ చూడాలి. ఈ కుటుంబానికి 2025కు ఒకటి, 2026కు ఒకటి రెండు వరుసల కాగితాలు వేసి, రానూపోనూ రైళ్లు, రిజర్వేషను తెరిచే తేదీలు, తుపాను వస్తే మార్చుకునే రెండవ తేదీలు రాయండి. ఆ తర్వాత దసరా అక్టోబరు 24న, దీపావళి నవంబరు 12న పడిన 2023కు కూడా అదే చేయండి. ఒక ఏడాదికి ప్రయాణం కుదరదని తేలితే కుదరదనే రాసి, ఏ వరుస అడ్డుపడిందో దాని కింద ఎర్ర సిరాతో గీత గీయండి.