స్టిక్కరు బంకను ఏ ద్రవంతో వదిలించాలి?

కొత్త స్టీలు బిందె మీది ధర స్టిక్కరు ఒలిచాక మిగిలే బంకను పీచుతో ఎంత రుద్దినా అది చుట్టూ పాకి, దుమ్ము పట్టి నల్లబడుతుందే తప్ప ఊడిరాదు. దానిని కరిగించే ద్రవం కావాలి. అది ఏదో తేల్చుకునే ముందు, బంక ఏ వస్తువు మీద ఉందో చూసుకోవాలి.

స్టీలు, గాజు, పింగాణి సామాను మీద వంటనూనె రాసి పావుగంట వదిలేస్తే చాలావరకు బంక మెత్తబడి గోటితో తోసినా వచ్చేస్తుంది. మిగిలిన జిడ్డును సబ్బుతో కడగాలి. మైదా జిగురుతో అంటించిన కాగితానికి గోరువెచ్చని నీళ్లు చాలు. బుడితి ఇత్తడి చెంబుల విషయంలో మన ఇళ్లలో ముందుగా చింతపండు అందుకుంటారు. అయితే చింతపండు పులుపు చిలుమును తీస్తుంది కానీ బంకను కదల్చలేదు. అందువల్ల నూనె, సబ్బు అయ్యాకే చింతపండుతో తోమాలి.

పొందూరు తెల్ల ఖద్దరుకు నూనె తగలనివ్వకూడదు, మరక పడుతుంది. సర్జికల్ స్పిరిట్‌లో తడిపిన దూదిని బట్ట వెనుక వైపు నుంచి అద్దాలి.

సూపర్ గ్లూ గట్టిపడితే అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవరే దిక్కు. అయితే అది కళ్లజోడు అద్దాలు, స్విచ్చుబోర్డులు వంటి ప్లాస్టిక్ వస్తువులను చాలావాటిని పాడుచేస్తుంది, రంగును, వార్నిష్‌ను లేపేస్తుంది. కనపడని మూల ఒక చుక్క వేసి చూడనిదే వాడరాదు. బొబ్బిలి వీణ ఇంట్లో ఉన్నవారికి నా విన్నపం: పాలిష్ చేసిన పనసచెక్క మీద స్పిరిట్, అసిటోన్ రెండూ వద్దు. వీణ తీగల కింద వరుసగా ఉండే మెట్లను నిలిపి ఉంచేది మైనం కాబట్టి అక్కడ కిరసనాయిలు, హెయిర్ డ్రయ్యర్ వేడి కూడా ప్రమాదమే. సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఓపికగా అద్దుతూ, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. అయినా వదలకపోతే వీణ చేసినవారికే చూపించాలి.

పెట్రోలు మాత్రం ఎందుకూ వాడకండి. సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా అసిటోన్ ఆవిరి నిప్పంటుకోగలదు, పెట్రోలు అంతకన్నా చల్లనివేళ కూడా అంటుకుంటుంది. ఇక మన వేసవిలో వంటగదిలో పొయ్యి పక్కన సీసా మూత తీయడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. స్పిరిట్‌ను గానీ అసిటోన్‌ను గానీ బ్లీచింగ్ ద్రవంతో కలిపితే విషపదార్థాలు పుడతాయి. వాడిన గుడ్డలను చెత్తబుట్టలో కుక్కకుండా, పెరట్లో నిప్పుకు దూరంగా పరిచి, పూర్తిగా ఆరాక పారేయాలి.