అడ్మిషన్ల హడావుడికి ముందే: ఎక్సెల్ టెంప్లేట్ నుంచి డేటాబేస్‌కు వివరాలు పంపే బడులకు జాగ్రత్తలు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. దానికి అటూ ఇటూ మూడు నాలుగు వారాలు స్కూల్ ఆఫీసులో ఊపిరి సలపదు. ఇప్పుడు చాలాచోట్ల పద్ధతి ఇలా ఉంటోంది: ఒక ఎక్సెల్ టెంప్లేట్ తయారుచేసి అడ్మిషన్ కౌంటర్లకు, బ్రాంచీలకు పంపిస్తారు. వాళ్లు రోజంతా నింపుతారు. సాయంత్రం ఒక ప్రోగ్రాం ఆ ఫైళ్లన్నీ చదివి, వరుసలన్నింటినీ డేటాబేస్‌లో ఎక్కించేస్తుంది. ఫీజు రసీదు, హాజరు పట్టీ, బస్సు పాసు, ఐడీ కార్డు, చివరికి పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) దాకా అన్నీ అక్కడి నుంచే వెళ్తాయి.

పద్ధతి మంచిదే. ఒకసారి కొట్టింది మళ్లీ కొట్టక్కర్లేదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రిజిస్టర్‌లో చేత్తో రాసే రోజుల్లో రాసేవారి కన్ను ప్రతి వరుస మీదా పడేది. "ఏమ్మా, పాప పుట్టింది ఏ సంవత్సరం అన్నావు?" అని అప్పటికప్పుడు అడిగేవారు. ప్రోగ్రాం అలా అడగదు, ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకుంటుంది. ఆ అడిగే పనిని మే నెలలోనే కొంత టెంప్లేట్‌లో, కొంత డేటాబేస్‌లో పెట్టుకోవాలి. జూన్‌లో దానికి తీరిక దొరకదు.

ఇంటి నంబర్లు, ఆధార్, ఖాతా నంబర్లు

మన ఇంటి నంబర్ల తీరు ఎక్సెల్‌కు అస్సలు పడదు. 4-12 అని కొట్టి ఎంటర్ నొక్కగానే అది డిసెంబర్ 4 అనుకుంటుంది. తెరమీద తేదీలా కనిపిస్తుంది, లోపల మాత్రం అది ఒక అంకె. 2024లో కొట్టి ఉంటే 45630. డేటాబేస్‌లోకి ఇంటి నంబరుగా ఆ 45630 వెళ్లినా ఆశ్చర్యం లేదు. 1-10-72 అని కొడితే 1972 అక్టోబర్ 1 అయిపోతుంది. అదే 8-3-228 లాంటిది తేదీగా కుదరదు కాబట్టి అలాగే ఉండిపోతుంది. దానివల్లే ఈ తప్పు తొందరగా బయటపడదు. కాలమ్‌లో సగం బాగానే కనిపిస్తుంటే మిగతా సగాన్ని ఎవరూ అనుమానించరు. తరగతి, సెక్షన్ కలిపి 6-1, 6-2 అని రాసే బడులదీ ఇదే గొడవ.

ఆ కాలమ్‌లను ముందుగానే, ఖాళీగా ఉన్నప్పుడే, టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి. "ముందుగానే" అని గట్టిగా చెబుతున్నాను. ఒకసారి తేదీగా మారిపోయాక టెక్స్ట్ ఫార్మాట్ పెట్టినా 4-12 తిరిగి రాదు, ఆ 45630 మాత్రమే కనిపిస్తుంది.

ఆధార్ 12 అంకెలు. ఎక్సెల్ మామూలు ఫార్మాట్‌లో 11 అంకెలు దాటితే E+11 అంటూ కుదించి చూపిస్తుంది. లోపల అంకెలు క్షేమంగానే ఉంటాయి, ఎక్సెల్ ఫైల్‌గా ఉన్నంతవరకు ఫర్వాలేదు. కానీ దాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే తెరమీద కనిపించేదే ఫైల్‌లోకి వెళ్తుంది. చివరి అంకెలు శాశ్వతంగా పోతాయి. బ్యాంకు ఖాతా నంబర్లది ఇంకా ప్రమాదం. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది, 16వ అంకె నుంచి సున్నాలు వేసేస్తుంది. స్కాలర్‌షిప్ డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తుందన్నది ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటుంది. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లకు ముందున్న సున్నాలు కూడా పోతాయి. కూడికలు, తీసివేతలు చెయ్యని ఏ నంబరైనా టెంప్లేట్‌లోనూ డేటాబేస్‌లోనూ టెక్స్ట్‌గానే ఉండాలి. మొబైల్ నంబరూ అంతే.

బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఐదో స్థానంలో ఎప్పుడూ సున్నానే ఉంటుంది. అక్కడ ఇంగ్లిష్ అక్షరం O కొట్టేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. పొడవు 11, ఐదోది సున్నా అని ఒక చిన్న నిబంధన పెడితే ఆ తప్పు అక్కడే ఆగుతుంది. ఆధార్‌కు కూడా తనిఖీ ఉంది. అది 0తో గానీ 1తో గానీ మొదలవదు. చివరి అంకె మిగతా 11 అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేది. ప్రోగ్రాం రాసేవారిని ఆ లెక్క చూసేలా రాయమని అడగండి, ఒక అంకె తప్పు పడితే పట్టేస్తుంది.

పుట్టిన తేదీ

పదో తరగతి మెమోలో పడిన పుట్టిన తేదీ ఆ పిల్లల వెంట జీవితాంతం నడుస్తుంది. ఉద్యోగానికీ పాస్‌పోర్టుకూ అదే చూస్తారు. తర్వాత దిద్దించుకోవాలంటే తల్లిదండ్రులు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో అందరికీ తెలిసిందే. కాబట్టి ఈ ఒక్క గడి మీద ఎంత టెన్షన్ పడినా తక్కువే.

ఇక్కడ చిక్కు కంప్యూటర్ సెట్టింగ్‌తో వస్తుంది. ఒక కౌంటర్‌లో కంప్యూటర్ భారత్ సెట్టింగ్‌లో ఉండి, ఇంకో కౌంటర్‌ది అమెరికా సెట్టింగ్‌లోనే ఉండిపోయిందనుకోండి. 05-06-2018 మొదటిదానిలో జూన్ 5, రెండోదానిలో మే 6. అదే 25-06-2018 అయితే రెండోది దాన్ని తేదీగా గుర్తించదు, మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. తెలిసిపోయే తప్పుతో భయం లేదు. ఏ ఎర్రగీతా లేకుండా మే 6గా లోపలికి వెళ్లిపోయినదాన్నే ఎవరూ పట్టుకోలేరు.

నా సలహా, తేదీకి ఒక గడి వద్దు. రోజు, నెల, సంవత్సరం మూడు వేర్వేరు కాలమ్‌లు పెట్టండి. నెలను అంకెగా కాకుండా పేర్ల జాబితా నుంచి ఎంచుకునేలా చెయ్యండి. కొట్టేవాళ్లకు రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. ఆ మూడింటినీ కలిపి తేదీ చేసే పని ప్రోగ్రాం చూసుకుంటుంది. పైగా తరగతినిబట్టి వయసు ఎంత నుంచి ఎంతలోపు ఉండాలో డేటాబేస్‌లో హద్దు పెట్టండి. హద్దు దాటిన వరుసను ఆపి ఆఫీసులో ఒకరికి చూపించాలి, తిప్పికొట్టి పారెయ్యకూడదు. నిజంగానే ఆలస్యంగా చేరే పిల్లలు ఉంటారు.

టెంప్లేట్‌ను ఎవరూ మార్చకుండా

డ్రాప్‌డౌన్‌లు (ఎంచుకునే జాబితాలు), నిబంధనలు పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. డేటా వాలిడేషన్, అంటే గడికి పెట్టే ఈ నిబంధన, చేత్తో కొట్టినదాన్నే ఆపుతుంది. వేరే షీట్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ నిబంధనే చెరిగిపోతుంది. పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ మాత్రమే పెడితే నిబంధన మిగులుతుంది గానీ తప్పు విలువ మాత్రం లోపలికి వచ్చేస్తుంది. సాయంత్రం పంపేముందు డేటా మెనూలోని సర్కిల్ ఇన్‌వాలిడ్ డేటా నొక్కితే నిబంధన మిగిలి ఉన్న గడుల్లోని తప్పులకు ఎర్ర సున్నా చుడుతుంది. కౌంటర్‌లో వాళ్లకు ఈ అలవాటు చెయ్యండి. అయినా అసలు కాపలా డేటాబేస్ దగ్గరే ఉండాలి.

ఎవరో ఒకరు మధ్యలో "రిమార్క్స్" అని కాలమ్ చేరుస్తారు, తప్పదు. ప్రోగ్రాం కాలమ్‌లను వరుస స్థానం బట్టి చదివితే, ఆ రోజునుంచి తండ్రి పేరున్నచోట తల్లి పేరు పడుతుంది. శీర్షిక పేరు చూసి చదివేలా రాయించండి. తెలియని శీర్షిక కనిపించినా, ఉండాల్సింది లేకపోయినా ఫైల్ మొత్తాన్నీ వెనక్కి పంపాలి. తాళం వేసిన ఒక గడిలో టెంప్లేట్ వెర్షన్ నంబరు రాయండి. పోయినేడాది ఫైల్ ఏదో కంప్యూటర్‌లో మిగిలిపోయి, దాన్నే నింపి పంపితే ప్రోగ్రాం తీసుకోకూడదు. మామూలు ఎక్సెల్ ఫైల్ బదులు ఎక్స్‌ఎల్‌టీఎక్స్ రకం టెంప్లేట్‌గా సేవ్ చేసి ఇస్తే, డబుల్ క్లిక్ చేసిన ప్రతిసారీ కొత్త కాపీ తెరుచుకుంటుంది, అసలుది చెడదు.

డేటాబేస్‌కు పంపే బటన్‌ను మ్యాక్రోగా (ఎక్సెల్ ఫైల్ లోపలే ఉండే చిన్న ప్రోగ్రాంగా) ప్రతి ఫైల్‌లోనూ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలో మ్యాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందుగానే ఆపేస్తోంది. మెయిల్‌లో వచ్చిన ఫైల్ కౌంటర్‌లో మొరాయిస్తుంది, క్యూ పెరుగుతుంది. పంపే పని ఆఫీసులో ఒక్క కంప్యూటర్ నుంచే జరగాలి.

ప్రోగ్రాం రాసేవారికి ఇంకో మాట. ఎక్సెల్‌ను యాక్సెస్ డ్రైవర్‌తో చదివితే అది మామూలుగా మొదటి 8 వరుసలు చూసి ఆ కాలమ్ అంకెలా అక్షరాలా అని తేల్చుకుంటుంది. మొదటివన్నీ 101, 102 అయి, తర్వాత ఎక్కడో A-103 వస్తే, ఆ గడి ఖాళీగా చేరొచ్చు. పైథాన్‌తో అయితే ప్రతి కాలమ్‌నూ స్ట్రింగ్‌గానే చదవమని చెప్పి, మార్పులు తర్వాత చెయ్యాలి.

లెక్క సరిపోయిందా

2020 సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కొవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి సకాలంలో చేరలేదు. ల్యాబ్‌ల నుంచి వచ్చే ఫైళ్లను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం టెంప్లేట్‌లలోకి ఆటోమేటిక్‌గా ఎక్కించి, అక్కడి నుంచి కేంద్ర వ్యవస్థకు పంపేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ పాత రకంలో 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి చప్పుడు లేకుండా పోయాయి. ఆ మనుషులను కలిసినవారిని వెతికే పని రోజుల తరబడి వెనకబడింది. ఎన్ని పంపాం, ఎన్ని చేరాయి అని ప్రతిరోజూ పోల్చి చూసే ఏర్పాటు ఉంటే అది మొదటిరోజే తెలిసేది.

బడికి అన్ని వరుసలు ఉండవు, నిజమే. కానీ ఫిల్టర్‌లో దాగిన వరుసలు, పేరు గడి ఖాళీ అని ప్రోగ్రాం దాటేసిన వరుసలు మన దగ్గరా ఉంటాయి. ప్రతి సాయంత్రం మూడు అంకెలు రాసుకోండి: ఫైల్‌లో ఎన్ని వరుసలు, ఎక్కినవి ఎన్ని, ఆగినవి ఎన్ని. చివరి రెండూ కలిపితే మొదటిది రావాలి. ఫీజు కాలమ్ మొత్తం ఆ రోజు క్యాష్ లెక్కతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ రాత్రే చూడాలి, వారం పోయాక ఎవరికీ ఏదీ గుర్తుండదు.

వరుసలను నేరుగా అసలు పట్టికలోకి పంపొద్దు. ముందు ఒక స్టేజింగ్ టేబుల్‌లోకి (తాత్కాలిక పట్టికలోకి) దించి, తనిఖీలన్నీ అక్కడ చేసి, ఆ ఫైల్‌లో తనిఖీ దాటిన వరుసలన్నింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌గా, అంటే ఎక్కితే అన్నీ లేకుంటే ఏదీ ఎక్కకుండా, అసలుదానిలోకి మార్చాలి. మధ్యలో కరెంటు పోతే సగం ఫైల్ ఎక్కి సగం మిగిలిపోదు. ప్రతి వరుసకూ అది ఏ ఫైల్ నుంచి వచ్చిందో ఒక బ్యాచ్ నంబరు ఉండాలి. తప్పుడు ఫైల్ ఎక్కిందని తర్వాత తెలిస్తే, దాని వరుసలను మాత్రమే తీసెయ్యవచ్చు.

ఒకే ఫైల్ వాట్సాప్‌లో ఒకసారి, మెయిల్‌లో ఒకసారి వస్తుంది, రెండుసార్లు ఎక్కుతుంది. దరఖాస్తు ఫారం మీద ముద్రించిన నంబరును యునీక్‌గా (రెండోసారి వస్తే డేటాబేస్ తీసుకోకుండా) పెడితే ఈ బాధ తీరుతుంది. మొబైల్ నంబరు, పుట్టిన తేదీ కలిపి గుర్తింపుగా వాడొద్దు. కవలలు చేరితే వాళ్లలో ఒకరు లెక్కలో లేకుండా పోతారు.

తెలుగులో పేర్లు రాస్తే

పాత 'అను' తెలుగు ఫాంట్లలో కొట్టిన పేర్లను టెంప్లేట్‌లో పేస్ట్ చెయ్యొద్దు, ఫాంట్ తీసేస్తే అవి పిచ్చి గుర్తులే. ఏ ఫాంట్‌లోనైనా అక్షరాలుగానే మిగిలే యూనికోడ్‌లోనే కొట్టాలి. సీఎస్‌వీ చెయ్యాల్సి వస్తే సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నది ఎంచుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ వాడితే పేరు కాలమ్ ఎన్‌వార్‌చార్ రకంలో ఉండాలి, లేకుంటే పేరంతా ప్రశ్నార్థకాలు అవుతుంది. రాజ్‌కుమార్, రాజ్కుమార్ మనకు ఒక్కరే గానీ డేటాబేస్‌కు ఇద్దరు. మొదటిదానిలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. వెతికేటప్పుడు దాన్ని తీసేసి పోల్చేలా చూసుకోండి.

పిల్లల ఆధార్ నంబర్లున్న ఫైళ్లు కౌంటర్ వాళ్ల ఫోన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో పడి ఉండకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాల విషయంలో కఠినంగా ఉంది. చట్టం లేకపోయినా అవి మనల్ని నమ్మి ఇచ్చినవి. ఎక్కించాక ఫైళ్లను ఒకచోట తాళంలో ఉంచి, మిగతావి చెరిపించండి. రోజూ రాత్రి బ్యాకప్ వేరే చోటికి వెళ్లాలి. నెలకోసారైనా దాన్ని తిరిగి తెరిచి చూడాలి.

మే చివరి వారంలో, టెంప్లేట్ పంచకముందు, కావాలని తప్పులతో ఒక ఫైల్ తయారుచేసి ప్రోగ్రాంకు ఇవ్వండి. అందులో ఇంటి నంబరు 4-12 తేదీగా మారిన వరుస, 11 అంకెల ఆధార్, ఐఎఫ్‌ఎస్‌సీలో సున్నాకు బదులు ఇంగ్లిష్ అక్షరం O, ఫిబ్రవరి 30, ఒకే దరఖాస్తు నంబరు రెండుసార్లు, ఇంటిపేరులో డి'సౌజా లాంటి కొటేషన్ గుర్తు, కవలలు, అదనపు కాలమ్ ఉన్న ఇంకో కాపీ పెట్టండి. కవలలిద్దరూ, డి'సౌజా సరిగ్గా ఎక్కాలి. మిగతావన్నీ ఎందుకు ఆగాయో తెలుగులో స్పష్టంగా చెబుతూ ఆగాలి. ఒక్కటైనా మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోతే ప్రోగ్రాం రాసినవారిని పిలిపించి సరిచేయించండి. అదే ఫైల్ మళ్లీ ఇచ్చి చూశాకే కౌంటర్లకు టెంప్లేట్ పంపండి.