పెగ్‌తో అయాన్ ఛానల్ రంధ్రాన్ని అంచనా వేసేటప్పుడు ఎదురయ్యే సమస్యలు - పరిష్కారాలు

అయాన్ ఛానల్ అంటే కణం పొరలో అయాన్లు దాటే రంధ్రమున్న ప్రోటీన్. ఆ రంధ్రం ఎంత వెడల్పుందో తెలుసుకోవడానికి వేర్వేరు పరిమాణాల పాలిఇథిలీన్ గ్లైకాల్‌ను, అంటే పెగ్‌ను, ద్రావణంలో కలిపి ఛానల్ వాహకతను కొలుస్తారు. రంధ్రంలోకి దూరగలిగిన పెగ్ బయటి ద్రావణంలో వాహకత ఎంత పాలు తగ్గిందో ఛానల్‌లోనూ అంతే తగ్గిస్తుంది. దూరలేనిది దాదాపు తగ్గించదు. క్రసిల్నికోవ్ బృందం 1992లో ప్రచురించిన ఈ పద్ధతి సూటిగానే ఉంటుంది. అంకెలకు పొంతన కుదరనప్పుడు మాత్రం చాలామంది మొదట ప్రోటీన్‌ను అనుమానిస్తారు. మొదట అనుమానించవలసింది ద్రావణాన్నే.

లక్షణం: పెగ్ కలపకముందే ఛానల్ గుండా విద్యుత్ ప్రవాహం మెల్లగా పెరుగుతూ పోతోంది

అనంతపురం వంటి చోట ఇది వేసవి సమస్య. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఉండదు. ఒకటి రెండు మిల్లీలీటర్లు మాత్రమే పట్టే పాత్రలోంచి నీరు ఆవిరవుతున్నకొద్దీ ఉప్పు గాఢత పెరుగుతుంది. పైగా ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ద్రావణ వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగి, గది 5 డిగ్రీలు వేడెక్కిందంటే 10 శాతం తేడా వచ్చినట్టే. 20 శాతం పెగ్ చూపే తగ్గుదల 40 శాతం చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, అందులో సుమారు ఏడో వంతు గది వేడిమికే కొట్టుకుపోతుంది. పాత్రపై మూత పెట్టాలి, ప్రతి రికార్డింగ్ పక్కన పాత్రలోని ఉష్ణోగ్రతను రాసుకోవాలి, ప్రయోగం ముగిశాక అదే ద్రావణాన్ని తీసి దాని వాహకతను మళ్ళీ కొలవాలి.

లక్షణం: చిన్న పెగ్‌లలో కూడా ఛానల్ తగ్గుదల, ద్రావణ తగ్గుదల సరిపోలడం లేదు

కారణం తరచుగా ద్రావణం తయారీలో ఉంటుంది. సిద్ధంగా ఉన్న 1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో పెగ్ వేయడం ఒక పద్ధతి, ఉప్పునూ పెగ్‌నూ కలిపి మొత్తాన్ని లీటరుకు తేవడం మరొక పద్ధతి. రెండో దానిలో అదే ఉప్పుకు నీటి వాటా తక్కువ. ఏదో ఒక పద్ధతికే చివరిదాకా కట్టుబడాలి. పెగ్ బరువు శాతం ఒకటే అయితే, అణుభారం 300 అయినా 4000 అయినా బయటి ద్రావణ వాహకత దాదాపు ఒకేలా ఉండాలి. వాహకత మీటరు అలా చూపకపోతే ఛానల్ జోలికి పోకుండా తూకాన్ని సరిచూసుకోవాలి. మీటరుకూ పరీక్ష ఉంది: 25 డిగ్రీల వద్ద 1 మోలార్ పొటాషియం క్లోరైడ్ సెంటీమీటరుకు సుమారు 112 మిల్లీసీమెన్స్ చూపాలి. మన జిల్లాల బోరు నీళ్ళు గట్టివి గనుక, స్వేదన జలాన్ని కూడా వాడే ముందు మీటరుతో చూడటం మంచిది.

లక్షణం: దూరకూడని పెద్ద పెగ్ కూడా ప్రవాహాన్ని తగ్గిస్తోంది

దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది, రంధ్రం లోపలి నిరోధానికి తోడు దాని రెండు మూతుల బయట ద్రావణం కలిగించే నిరోధం. ఈ ప్రవేశ నిరోధం ఒక్కో మూతి వద్ద ద్రావణ నిరోధకతను వ్యాసార్థానికి నాలుగు రెట్లతో భాగించినంత ఉంటుంది. లోపలికి రాని పెగ్ కూడా దీన్ని పెంచుతుంది. పొట్టిగా, వెడల్పుగా ఉండే రంధ్రాలలో ఆ వాటా పెద్దది. దాన్ని లెక్కగట్టి తీసివేశాకే పెగ్ దూరిందో లేదో తేల్చాలి. రెండోది పాతబడిన పెగ్. వెలుతురుకూ గాలికీ గొలుసులు తెగి చిన్న ముక్కలవుతాయి, అవి ఇట్టే రంధ్రంలోకి పోతాయి. ద్రావణం ఆమ్లం వైపు జరిగిందంటే ఆ సీసాను పక్కన పెట్టేయాలి.

పెద్ద పెగ్‌తో ప్రవాహం కొద్దిగా పెరిగితే మాత్రం కంగారు అక్కర్లేదు. పెగ్ కొంత నీటిని తనతో బంధించుకోవడం వల్ల మిగిలిన నీటిలో ఉప్పు క్రియాశీలత, అంటే ప్రభావం చూపే గాఢత, పెరుగుతుంది.

లక్షణం: ఏ పరిమాణం దగ్గర పెగ్ దూరడం ఆగిందో చెప్పగల స్పష్టమైన గీత దొరకడం లేదు

పెగ్ మెత్తని గొలుసు. గోళీలా ఒక పరిమాణం దగ్గర ఠక్కున ఆగిపోదు. పెగ్ 1000 వ్యాసార్థం 0.94 నానోమీటర్లు, పెగ్ 2000ది 1.22 అని వాడుతున్నా, అవి సగటు విలువలే. స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా విడిచే, కణం పొరకు రంధ్రం చేసే విష ప్రోటీన్ అయిన ఆల్ఫా టాక్సిన్‌లో ఉప్పు గాఢత పెంచితే అదే పెగ్ ఎక్కువగా లోపలికి పోతుంది. ఈ టాక్సిన్ అత్యంత ఇరుకైన చోట వ్యాసం సుమారు 1.4 నానోమీటర్లని 1996లో వెలువడిన స్ఫటిక నిర్మాణం చూపింది. రెండు మూతులూ ఒకేలా ఉండవు కాబట్టి పెగ్‌ను ఒక వైపు వేసినప్పుడు, మరో వైపు వేసినప్పుడు ఫలితాలు వేరుగా రావడం సహజం. అందుకే వ్యాసార్థాన్ని ఒకే అంకెగా కాక ఒక పరిధిగా ఇచ్చి, పక్కనే ఉప్పు గాఢత, ఉష్ణోగ్రత, పెగ్ వేసిన వైపు తప్పక రాయాలి.