జీపుకు ఎలక్ట్రిక్ ఫ్యాన్: కొలత, రేకు, వైరు

బండి వేడెక్కుతోందనగానే చాలామంది ముందుగా ఫ్యాన్ మీద పడతారు. ఇంజిన్‌తో పాటు తిరిగే పాత ఫ్యాన్ తీసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించడం మంచి పనే. కానీ అది ఏ జబ్బుకు మందో ముందు తేల్చుకోవాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మహీంద్రా డీఐ జీపులు, మేజర్‌లు, పాత థార్‌లు, బొలెరోలు చెలకల్లో, ఒర్రెల్లో, గుట్టల తొవ్వల్లో తిరుగుతాయి. ఇది వాటిని దృష్టిలో పెట్టుకుని రాసింది.

పరీక్ష తేలికే. ఆగి ఉన్నప్పుడు, ఫస్ట్ గేరులో పాకుతున్నప్పుడు వేడెక్కి, రోడ్డెక్కి 50 వేగం అందుకోగానే వేడి చూపే ముల్లు కిందికి దిగితే లోపం గాలిది. దానికి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పనిచేస్తుంది. రోడ్డు మీద 70లో పోతున్నప్పుడే వేడెక్కుతుంటే ఫ్యాన్ మార్చి లాభం లేదు, ఆ వేగంలో ఎదురుగాలే సరిపోవాలి. కోర్ (రేడియేటర్‌లో నీళ్లు పారే సన్న గొట్టాల భాగం) పూడుకుపోయిందో, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే కవాటం) పూర్తిగా తెరుచుకోవడం లేదో, వాటర్ పంపు అరిగిందో చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) వైపు చూడండి. మూత విప్పి చూసేది ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసినప్పుడే, వేడి మీద మూత ముట్టుకోవద్దు.

కోర్ పూడిక ఈ ప్రాంతంలో మామూలే. బోరు నీళ్లు చాలా ఊళ్లలో గట్టి నీళ్లు. నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, రేడియేటర్‌ను చంపేది మాత్రం ఆ నీళ్లలోని సున్నం. అది గొట్టాల లోపల తెల్లగా పొరకడుతుంది. అలాంటి కోర్ వెనక ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా వృథా. రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పించి రాడ్డు వేయించి శుభ్రం చేయించండి. తర్వాత సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ నీళ్లు పోయండి. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే కొత్తది వేయండి. 0.9 బార్ ఒత్తిడి నిలిపే మూత, నీళ్లు మరిగే హద్దును దాదాపు 20 డిగ్రీలు పైకి నెడుతుంది.

ఎండాకాలం లెక్క కూడా మనసులో పెట్టుకోవాలి. రేడియేటర్ వదిలే వేడి, లోపలి నీటికీ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉంటే, 25 డిగ్రీల గాలిలో తేడా 65. మే నెలలో 44 డిగ్రీల గాలిలో తేడా 46 మాత్రమే. అదే రేడియేటర్, అదే ఫ్యాన్, కానీ పని దాదాపు 30 శాతం పడిపోతుంది. డిసెంబరులో బిగించి బాగుందనుకున్న ఫ్యాన్ మే నెలలో చాలకపోవడానికి కారణం ఇదే.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ వల్ల అసలు లాభం రెండు చోట్ల. ఇంజిన్ 750 ఆర్‌పీఎం దగ్గర పాకుతున్నప్పుడు పాత ఫ్యాన్ కూడా నిదానంగానే తిరుగుతుంది, ఎలక్ట్రిక్‌ది మాత్రం పూర్తి వేగంతో లాగుతుంది. రెండోది నీళ్లు. బెల్టు ఫ్యాన్ ఒర్రెలో దిగితే రెక్కలు నీటిని కొట్టి ముందుకు వంగుతాయి, కోర్‌ను కోస్తాయి, ఇంజిన్ అంతటా నీళ్లు చిమ్ముతాయి. అందుకే లోతు నీళ్లలోకి దిగేముందు బెల్టు విప్పేసేవాళ్లుండేవారు. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు ఒక స్విచ్చు చాలు. రోజంతా ట్రాలీ లాగే బండి అయితే, డైనమో కూడా చిన్నదైతే, పాత ఫ్యాన్‌నే ఉంచి దాని చుట్టూ ఉండే రేకు కవర్ సరిచేయించుకోవడం మేలు. సిలికాన్ క్లచ్ ఫ్యాన్ (వేడెక్కినప్పుడే గట్టిగా పట్టుకుని తిరిగే బెల్టు ఫ్యాన్) ఉన్న బండ్లలో ముందు ఆ క్లచ్‌నే అనుమానించండి. ఇంజిన్ ఆపి, వేడి మీదే ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే గట్టిగా ఆనకుండా గిరగిరా తిరిగిందంటే క్లచ్ పోయినట్టే.

కొలతలు

పాత ఫ్యాన్ తీశాక వాటర్ పంపు పుల్లీ ముఖం నుంచి కోర్ దాకా ఎంత ఖాళీ ఉందో నాలుగు చోట్ల కొలవండి. ఫ్యాన్ మందం మోటారు దగ్గర సాధారణంగా 65 నుంచి 100 మిల్లీమీటర్లు. దానికీ పుల్లీకీ మధ్య కనీసం 25 మిల్లీమీటర్లు వదలాలి, ఎందుకంటే ఏటవాలులో గట్టిగా బ్రేకు కొడితే ఇంజిన్ మౌంటింగుల మీద ముందుకు ఊగుతుంది. మౌంటింగులు మెత్తబడి ఉంటే ముందు వాటిని మార్చండి.

ఫ్యాన్ తీసేటప్పుడు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఫ్యాన్‌ను పట్టుకున్న నాలుగు బోల్టులే చాలా బండ్లలో పుల్లీని కూడా పట్టుకుంటాయి. ఫ్యాన్, దాని వెనక ఉండే స్పేసర్ దిమ్మ తీసి అవే పొడుగు బోల్టులు మళ్లీ ఎక్కిస్తే అవి లోపల అడుగుకు తగిలి ఆగిపోతాయి. చేతికి బిగిసినట్టే ఉంటుంది, పుల్లీ మాత్రం వదులుగా ఉంటుంది. కొన్ని రోజుల్లో రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోతాయి. తీసేసిన మందం ఎంతో కొలిచి, అంత పొట్టివైన 8.8 గ్రేడు బోల్టులు, స్ప్రింగ్ వాషర్లతో వేయండి.

రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్‌కు 16 అంగుళాల ఫ్యాన్ ఒకటి, లేదా కోర్ వెడల్పుగా ఉంటే 12 అంగుళాలవి రెండు. డబ్బా మీద రాసిన గాలి లెక్కలను నమ్మకండి, అవి ఎదురుగా కోర్ లేకుండా కొలిచినవి. మోటారు ఎంత కరెంటు తాగుతుందో చూడండి. 8 ఆంపియర్లే తీసుకునే మోటారు 100 వాట్ల పని మాత్రమే చేయగలదు, 16 అంగుళాల రెక్కలను అది మొక్కుబడిగా తిప్పుతుంది. 18 నుంచి 25 ఆంపియర్లు తీసుకునేదే కావాలి. హైదరాబాద్‌లో రాణిగంజ్‌లోనో, విజయవాడ రోడ్డు మీది ఆటోనగర్‌లోనో పాత కారు ఫ్యాన్ కొంటుంటే, దాని ప్లాస్టిక్ కవర్‌తో సహా తీసుకోండి. షాపులోనే బ్యాటరీకి కలిపి తిప్పి చూడండి. మోటారు గొంతు గరగరలాడితే వద్దు.

ఫ్యాన్ కోర్ వెనక, ఇంజిన్ వైపు ఉండి గాలిని లాగాలి. ముందు పెట్టి నెట్టే ఫ్యాన్ వేగంలో వచ్చే గాలికి అడ్డమవుతుంది. పైగా రాళ్లు, కంప ముందు దానికే తగులుతాయి.

రేకు కవర్

ఈ పనిలో సగం ఫలితం ఇక్కడే ఉంది. 45 సెంటీమీటర్ల చదరపు కోర్‌కు 16 అంగుళాల ఫ్యాన్‌ను నేరుగా అతికిస్తే దాని వృత్తం కింద పడేది మూడింట రెండు వంతుల కంటే కొంచెం తక్కువే. మూలలు ఊరికే ఉండిపోతాయి. అందుకని కోర్ మొత్తాన్ని కప్పే రేకు డబ్బా చేయించాలి. ఒక మిల్లీమీటరు జీఐ రేకు, లేదా 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. కోర్‌కూ రెక్కలకూ మధ్య 40 నుంచి 50 మిల్లీమీటర్ల లోతు ఉంచండి. రెక్క కొసకూ రేకు అంచుకూ మధ్య 6 నుంచి 8 మిల్లీమీటర్లు దాటకూడదు. రేకు రేడియేటర్‌ను తాకే చోట అంతటా రబ్బరు పట్టీ వేయండి. అక్కడ సందుంటే ఫ్యాన్ కోర్‌లోంచి కాకుండా ఆ సందులోంచి గాలి తాగుతుంది.

ఆ రేకే హైవే మీద ఎదురుగాలికి అడ్డం కావచ్చు. రెండు పై మూలల్లో అరచేయంత కిటికీలు కోసి, పాత ట్యూబు రబ్బరు ముక్కలను ఇంజిన్ వైపు పై అంచు దగ్గర మాత్రమే రివిట్ చేసి వేలాడదీయండి. ఫ్యాన్ లాగితే అవి మూసుకుంటాయి, వేగంలో గాలి నెడితే తెరుచుకుంటాయి.

కోర్‌లోంచి దూర్చి బిగించే ప్లాస్టిక్ పుల్లలు ఫ్యాన్‌తో పాటు వస్తాయి. వాటిని వాడకండి. రాళ్ల తొవ్వలో ఫ్యాన్ బరువంతా ఆ పుల్లల మీద ఊగి, అవి గొట్టాలను రంపంలా కోస్తాయి. రేడియేటర్ పక్క ఫ్రేమ్‌కు 25 బై 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీలు నాలుగు వేసి, రబ్బరు బుష్షులతో, ఎం6 నైలాక్ నట్లతో బిగించండి.

ఎక్కడ ఆన్, ఎక్కడ ఆఫ్

థర్మోస్టాట్ తెరుచుకోవడం మొదలయ్యే వేడి దాని మీదే రాసి ఉంటుంది, తరచుగా 82 డిగ్రీలు. ఫ్యాన్ ఆఫ్ అయ్యే వేడి దానికంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 92లో ఆన్, 87లో ఆఫ్ అయ్యే స్విచ్చు 82 థర్మోస్టాట్‌కు సరిగ్గా కుదురుతుంది. 80 దగ్గర ఆఫ్ అయ్యేది తెస్తే ఫ్యాన్ ఆగదు, ఎందుకంటే థర్మోస్టాట్ ఇంజిన్‌ను అంత కిందికి దిగనివ్వదు. 88 థర్మోస్టాట్ ఉంటే 97లో ఆన్, 92లో ఆఫ్ లాంటిది చూసుకోండి. ఈ లెక్క పై హోజులో (ఇంజిన్ నుంచి రేడియేటర్ పైకి వచ్చే రబ్బరు గొట్టం) పెట్టే స్విచ్చుకే వర్తిస్తుంది. కింది ట్యాంకులో పెడితే అక్కడ నీళ్లు అప్పటికే చల్లబడి ఉంటాయి కాబట్టి తక్కువ డిగ్రీల స్విచ్చు కావాలి.

పై హోజును కోసి మధ్యలో పెట్టే అల్యూమినియం అడాప్టర్ దొరుకుతుంది, స్విచ్చు మర దానికి సరిపోవాలి. అటూ ఇటూ రబ్బరే కాబట్టి దానికి ఎర్త్ అందదు. అడాప్టర్ ఒంటికి విడిగా ఎర్త్ వైరు వేయకపోతే స్విచ్చు ఎంత వేడెక్కినా ఫ్యాన్ తిరగదు. రెండు పిన్నుల స్విచ్చు అయితే ఈ బాధ ఉండదు. బిగించేముందు స్విచ్చును గిన్నె నీళ్లలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి, మల్టీమీటరుతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చూడండి. రాసిన అంకెకు 2 డిగ్రీలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు.

వైరింగు

ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. కావలసినవి: 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), దాని సాకెట్, 30 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరుతో (20 ఆంపియర్ల ఫ్యాన్‌కు, 25 ఆంపియర్లదైతే 40 ఫ్యూజు, 6 స్క్వేర్ వైరు), 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు 4 మీటర్లు, 1 స్క్వేర్ వైరు 5 మీటర్లు, 5 ఆంపియర్ల చిన్న ఫ్యూజు, మధ్యలో ఆఫ్ ఉండే మూడు స్థానాల టోగుల్ స్విచ్చు, చిన్న ఇండికేటర్ బల్బు.

బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజుకు, అక్కడి నుంచి రిలే 30కి (ఈ అంకెలు రిలే పిన్నుల నంబర్లు). ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. రిలే 87 నుంచి ఫ్యాన్ ప్లస్‌కు. ఫ్యాన్ మైనస్‌ను అంతే మందం వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కు తీసుకురండి. పెయింటు మీద బిగించిన ఎర్త్ వల్ల వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. రిలే 86కు తాళం తిప్పితే వచ్చే లైను, 5 ఆంపియర్ల ఫ్యూజుతో. రిలే 85ను టోగుల్ మధ్య కాలికి కలపండి. టోగుల్ ఒక పక్క కాలు థర్మో స్విచ్చుకు, రెండో పక్క కాలు నేరుగా ఎర్త్‌కు. అప్పుడు ఒక వైపు ఆటో, మధ్యలో ఆఫ్, ఇంకో వైపు ఎప్పుడూ ఆన్. 87 నుంచి సన్న వైరు తీసి, దానికి ఒక ఆంపియరు ఫ్యూజు పెట్టి, డ్యాష్‌బోర్డు మీది బల్బుకు ఇవ్వండి. రిలే కలిసిందో లేదో అది చెబుతుంది.

వైరు సన్నబడితే ఏమవుతుందో చూడండి. 3 మీటర్ల 1.5 స్క్వేర్ వైరులో 20 ఆంపియర్లకు 0.7 వోల్టు పోతుంది, 4 స్క్వేర్‌లో 0.26 మాత్రమే. వోల్టు తగ్గితే ఫ్యాన్ వేగం తగ్గుతుంది, వైరు వేడెక్కుతుంది. రిలేను ఎత్తుగా, పిన్నులు కిందికి ఉండేలా పెట్టండి, నీళ్లు నిలవవు. చుట్టిన వైరు మీద టేపు వేసి వదిలేయకుండా లగ్గులు క్రింప్ చేయించండి.

రెండు ఫ్యాన్లు ఉంటే రెండు రిలేలు, రెండు ఫ్యూజులు. ఏసీ ఉన్న బండిలో ఏసీ క్లచ్ కలిసినప్పుడల్లా ఫ్యాన్ కూడా తిరిగేలా మరో రిలేతో లైను ఇవ్వాలి.

డైనమో తట్టుకుంటుందా? హెడ్‌లైట్లు రెండూ 9 ఆంపియర్లు, వైపర్లు 4 నుంచి 5, చిన్న లైట్లు 2 నుంచి 3, ఫ్యాన్ 20. అంటే 35 దాటింది. డైనమో మీద రాసిన అంకె పూర్తి వేగంలో ఇచ్చేది, ఐడిల్‌లో అందులో సగం రావడమే గొప్ప. అన్నీ వేసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి బ్యాటరీ దగ్గర కొలవండి. 13 వోల్టులు నిలబడితే మంచిది. 12.6 కిందికి జారుతుంటే బ్యాటరీ కరుగుతోందని అర్థం, 65 లేదా 75 ఆంపియర్ల డైనమో వేయించాలి.

తిప్పి చూడడం

మొదట గాలి దిక్కు. గ్రిల్లు ముందు న్యూస్‌పేపరు పేజీ పెడితే కోర్‌కు అతుక్కోవాలి, మూలల్లో కూడా. ఎగిరిపోతే వైర్లు తారుమారయ్యాయి. వైర్లు మార్చి దిక్కు సరిచేయొచ్చు, కానీ నెట్టడానికి చేసిన రెక్కలైతే వాటిని కూడా తిప్పి బిగించాలి, లేకపోతే గాలి బాగా తగ్గుతుంది. తర్వాత బ్యాటరీ ప్లస్‌కూ ఫ్యాన్ ప్లస్‌కూ మధ్య మీటరు పెట్టండి, ఫ్యాన్ తిరుగుతుండగా 0.5 వోల్టు మించకూడదు. డీసీ క్లాంప్ మీటరుతో ఫ్యాన్ ఎంత కరెంటు తీసుకుంటుందో చూసి బానెట్ లోపల పెయింటుతో రాసిపెట్టండి.

కూలెంట్ నింపి, బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత తీసి ఉంచి, హీటరు ఉంటే వేడి వైపు తిప్పి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్‌ను ఐడిల్‌లో నడపండి. పై హోజులో గాలి చిక్కితే స్విచ్చుకు నీళ్లు తగలవు, ఇంజిన్ మరుగుతున్నా ఫ్యాన్ మొదలుకాదు. ఐడిల్‌లో ఫ్యాన్ రెండు మూడుసార్లు మొదలై ఆగడం చూశాకే రోడ్డెక్కండి. దోమలపెంట వైపు శ్రీశైలం ఘాటు ఎక్కుడు దీనికి మంచి పరీక్ష.

ఒర్రెలో దిగేముందు టోగుల్ మధ్యకు తెచ్చి, రెక్కలు ఆగేదాకా పది సెకన్లు ఆగండి. తిరుగుతున్న ప్లాస్టిక్ రెక్క నీళ్లను కొడితే విరుగుతుంది, లేదా మోటారు బిగుసుకుని ఫ్యూజు పోతుంది. అవతలి గడ్డకు ఎక్కి నీళ్లు కారిపోయాక అర నిమిషానికి ఆటోలో వేయండి. ఆఫ్‌లో ఉంచి మరిచిపోవడం వల్ల చాలా ఇంజిన్ హెడ్లు పోతాయి, అందుకని ముల్లు మీద కన్నుండాలి.

బెల్టు సంగతి కూడా మరవొద్దు. ఫ్యాన్ కరెంటుతో తిరిగినా వాటర్ పంపు ఇంకా బెల్టు మీదే ఆధారపడి ఉంది. బెల్టు తెగితే ఫ్యాన్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ కాలిపోతుంది.

పత్తి ఏరే రోజుల్లో గాల్లో తేలే దూది, గడ్డి గింజలు కోర్ ముందు దట్టంగా పేరుకుంటాయి, ఫ్యాన్ ఎంత బాగా లాగితే అంత. ఇంజిన్ వైపు నుంచి ముందుకు మామూలు పైపు నీళ్లతో కడగండి. సర్వీసింగ్ షాపు ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే కోర్ మీది సన్న రేకులు వాలిపోయి గాలి దారి మూసుకుంటుంది. రేగడి బురదలో తిరిగి వచ్చాక మోటారు అడుగున ఉన్న నీళ్లు కారే రంధ్రాన్ని సన్న తీగతో గుచ్చండి.

బండిలో ఒక రిలే, రెండు ఫ్యూజులు, ఒక మీటరు పొడవు 4 స్క్వేర్ వైరు పెట్టుకోండి. ఫ్యాన్ తిరగకపోతే టోగుల్‌ను ఎప్పుడూ ఆన్ వైపు వేయండి. తిరిగితే పోయింది థర్మో స్విచ్చు. తిరగకపోతే ఫ్యూజు, తర్వాత రిలే. రెండూ బాగుంటే ఫ్యూజు ఉన్న లైను నుంచి ఫ్యాన్‌కు నేరుగా వైరు ఇచ్చి ఇల్లు చేరండి. ఆరు నెలలకోసారి క్లాంప్ మీటరు మళ్లీ పెట్టండి. బానెట్ లోపల రాసిన అంకె కంటే 3, 4 ఆంపియర్లు ఎక్కువ చూపిస్తే బేరింగులోకి మట్టి చేరింది, మోటారు మార్చే సమయం వచ్చింది.